దుమ్ము పడని కార్డు

కంప్యూటర్ పని నేర్చుకుంటున్న పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. వాళ్లు అడిగే ప్రశ్నల్లో ఒకటి మాత్రం ఏళ్లు గడిచినా మారలేదు. పాత గ్రాఫిక్స్ కార్డు కంటే కొత్తది ఎన్ని రెట్లు మేలు? మూడు రెట్లనో నాలుగు రెట్లనో చెప్తే ఫోనులో రాసుకుని వెళ్లిపోవాలని వాళ్ల తొందర. నేను మాత్రం "ఎక్కడ పెట్టి నడుపుతారు?" అని ఎదురు ప్రశ్న వేస్తాను. ఆ మాట వినగానే వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. దుకాణం పని మానేశాక ఈమెకు చాదస్తం పట్టుకుందని అనుకుంటారేమో. అనుకోనీ. ఆ ప్రశ్న నాకు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్దామని ఇది రాస్తున్నాను.

మార్కాపురం బజారులో ఒక కంప్యూటర్ల దుకాణంలో నేను చాలా ఏళ్లు పనిచేశాను. చేరింది పెళ్లి పత్రికలు టైపు చేయడానికి. చదువు ఇంటర్ దగ్గర ఆగింది కానీ లెక్కల మీద ఇష్టం ఆగలేదు. దుకాణం ఓనరు వర్తకుల ఇంటివాడు. వాళ్ల తాతలు నూనె, బెల్లం అమ్మితే ఈయన కంప్యూటర్లు అమ్మాడు. ఆయన్ని నేను అన్నా అని పిలిచేదాన్ని. ఒంగోలు నుంచి వచ్చే మెకానిక్ పెట్టె విప్పి పనిచేస్తుంటే పక్కన నిలబడి చూసి చూసి, అతను రావడం మానేసిన తర్వాత నేనే విప్పడం మొదలుపెట్టాను. "చెల్లెమ్మా, పాడైతే పాడైంది, విప్పు" అన్నాడు ఓనరన్న. పాడు కాలేదు. ఆ తర్వాత దుకాణంలో పెట్టె విప్పే పని నాదే అయింది.

తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. గ్రాఫిక్స్ కార్డంటే కంప్యూటర్‌లో బొమ్మలు గీసే భాగం. ఆటలాడేవాళ్లకూ, వీడియో మిక్సింగ్ చేసేవాళ్లకూ దానితోనే పని. మా వైపు ఆటల కంటే మిక్సింగ్ ఎక్కువ. పెళ్లి వీడియోలో పూలరేకులు రాలాలన్నా, పెళ్లికొడుకు పేరు బంగారు అక్షరాల్లో తిరుగుతూ రావాలన్నా, ఆ లెక్కలన్నీ కార్డు చేయాలి. మంచి కార్డైతే ఆ వీడియో, మా భాషలో పాట, త్వరగా తయారవుతుంది. లేకపోతే మిక్సింగ్ చేసే మనిషి తెర ముందు కూర్చుని ఆవులిస్తూ ఉండాలి.

ఏ కార్డు ఎంత మంచిదో చెప్పడానికి కంపెనీలు రంగురంగుల గీతలు వేసి పంపేవి. నాకు ఆ గీతల మీద నమ్మకం కుదిరేది కాదు. అందుకని నాకు నేనే ఒక పరీక్ష పెట్టుకున్నాను. గిద్దలూరు వైపు పెళ్లి పాట ఒకటి మా దగ్గర ఉండేది. పూలరేకులు, సీతాకోకచిలుకలు, పొగ, అక్షరాలు అన్నీ దాంట్లో ఉన్నాయి. ఏ కార్డు వచ్చినా ఆ పాటే నడిపేదాన్ని. మూడుసార్లు నడిపి, పట్టిన నిమిషాల్లో మధ్య అంకెను తీసుకునేదాన్ని. అట్లా ఏళ్ల తరబడి నడపడంతో ఆ పెళ్లికూతురు ముఖం మా బంధువుల ముఖాల కంటే ఎక్కువ అలవాటైంది. ఒకసారి గిద్దలూరు బస్టాండులో బిడ్డను ఎత్తుకుని కనిపిస్తే, "బాగున్నావా అమ్మా, చిక్కిపోయినావే" అని నోరు జారాను. ఆ పిల్ల బిత్తరపోయి చూసింది. "ఎవురక్కా నువ్వు?" అంది. ఏమని చెప్పను? కార్డులు మారినప్పుడల్లా నీ పెళ్లి చేస్తుంటానని చెప్పనా?

మా దుకాణానికి వచ్చే మిక్సింగ్ వాళ్లలో ఒకతను నన్ను అక్కా అని పిలిచేవాడు. నేను తమ్ముడూ అనేదాన్ని. అతని భార్య నాకు మరదలైంది, నేను ఆమెకు వదిననయ్యాను. మా వైపు చుట్టరికాలకు రక్తం అక్కర్లేదు, రెండుసార్లు టీ తాగితే చాలు.

తమ్ముడు పుట్టుకతో మిక్సింగ్ మనిషి కాదు. వాళ్లది పలకరాయి పని. ఊరి చివర వాళ్లన్నకు రాళ్లు కోసే షెడ్డు ఉంది. పలకల కాలం తగ్గాక, గోడలకు అంటించే డిజైన్ రాళ్లు అక్కడ కోస్తున్నారు. చిన్నప్పుడే నాయన పోతే అన్నే పెంచాడు. మీసాలు రాకముందే కోత మిషన్ దగ్గర కూర్చున్నాడు. ముప్ఫై దాటేసరికి ఊపిరి సరిగా ఆడటం లేదు. నాలుగు మెట్లెక్కితే ఆగాలి. డాక్టరు దుమ్ములోకి వెళ్లొద్దన్నాడు. అప్పుడు మిక్సింగ్ నేర్చుకున్నాడు. చెయ్యి చాలా మంచిది. రాయిని ఎక్కడ కోస్తే పగలకుండా వస్తుందో తెలిసినవాడు కదా, పాటను ఎక్కడ కోయాలో కూడా అట్లాగే తెలుసు.

అయితే మిక్సింగ్ గది ఎక్కడ పెట్టుకున్నాడు? అన్న షెడ్డులోనే, ఒక మూల. అన్న ప్రేమగా గోడలు కట్టించి, పైన రేకులు వేయించి, కరెంటు తీయించి ఇచ్చాడు. దుమ్ములో నుంచి లేచి దుమ్ములోనే కూర్చున్నాడు.

వాళ్లకు కొత్త కార్డు అమ్మింది మేమే. తమ్ముడి దగ్గర అప్పటిదాకా ఉన్నది పాతది, ఫ్యాను కూడా లేనిది. వేడిని వదలడానికి అల్యూమినియం రెక్కలు మాత్రం ఉండేవి. దుకాణంలో ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి నా పెళ్లి పాట నడిపాను. పాతది పదహారు నిమిషాలు తీసుకుంది. రెండు ఫ్యాన్ల కొత్తది నాలుగు నిమిషాల్లో పూర్తి చేసింది. ఓనరన్న ఆ అంకెలు పెద్దక్షరాల్లో అచ్చు వేయించి గోడకు అంటించాడు. తమ్ముడు కార్డును రెండు చేతులతో పట్టుకుని తీసుకుపోయాడు, పసిబిడ్డను పట్టుకున్నట్టు.

కొన్ని వారాలకు ఫోను వచ్చింది.

"అక్కా, నీ కొత్త కార్డు ముసల్ది అయిపోయింది."

"ఏంది తమ్ముడూ, అప్పుడేనా?"

"పొద్దున ఒక పాట బాగ చేస్తాది. మద్దేనానికి దాని పనైపోతాది. రాత్రి వరకూ నేను దాని మొకం, అది నా మొకం చూసుకుంటా కూర్చుంటున్నాం."

అతని మాటలు ఎప్పుడూ అట్లాగే నవ్వు తెప్పిస్తాయి కానీ విషయం నవ్వేది కాదు. గిద్దలూరు స్టూడియో ఒకటి ఆ పెళ్లిళ్ల సీజను పాటలన్నీ అతనికే ఇస్తామంది. ఒకటే షరతు, ముహూర్తం వీడియో మర్నాడు రిసెప్షన్‌లో పెద్ద తెర మీద ఆడాలి. ఆలస్యమైతే పని ఒంగోలు పోతుంది. అప్పటికే రెండు పాటలు ఆలస్యమయ్యాయి. వాళ్లన్న ఊరడించాడట. "పోతే పోయిందిలేరా. మిషన్ కాడ నీ పీట నీకుంది. వచ్చి కూర్చో."

ఆ పిలుపులో ఉన్నది ప్రేమే. కానీ ఆ పీట మీద మళ్లీ కూర్చుంటే తమ్ముడు ఎక్కువ కాలం ఉండడు. ఆ సంగతి తమ్ముడికి తెలుసు, మరదలికి తెలుసు. ఫోను పెట్టేశాక నాకూ తెలిసింది.

బయలుదేరుతుంటే ఓనరన్న వెనక నుంచి కేకేశాడు. "చెల్లెమ్మా, ఏమన్నా చెయ్యి, కార్డు మాత్రం వెనక్కి తేబాకు."

ఆ షెడ్డు దగ్గర ఆటో దిగగానే మనిషి రంగు మారిపోతుంది. రోడ్డు పక్క చెట్ల ఆకులు, సైకిళ్లు, కుక్క, అన్నీ ఒకే బూడిద రంగులో ఉంటాయి. గదిలోకి వెళ్లి కార్డు మీద పాట నడిపాను. మొదటిసారి ఐదు నిమిషాలు. సరే, రేకుల కింద వేడి కదా అనుకున్నాను. రెండోసారి ఎనిమిది. మూడోసారి పదమూడు. నాలుగోసారికి ఫ్యాన్లు మిల్లులాగా అరుస్తున్నాయి, పాట మాత్రం కదలదు. కార్డుకు వేడెక్కితే కాలిపోకుండా తనంతట తానే వేగం తగ్గించుకునే ఏర్పాటు ఉంటుంది. అది అదే చేస్తోంది. పక్కన పడి ఉన్న పాత కార్డు పెట్టి చూశాను. పదహారు, పదహారు, మళ్లీ పదహారు. బండెద్దు మాదిరి, ఎండైనా నీడైనా ఒకటే నడక. నాలుగోసారికి పాతదే ముందు చేరింది.

ఏళ్ల తరబడి పరీక్షలు పెట్టినదాన్ని, కొత్తది పాతదాని కంటే వెనకబడటం అదే మొదటిసారి చూడటం. నా పరీక్షలో ఉన్న లోటు కూడా అప్పుడే అర్థమైంది. దుకాణంలో ఫ్యాను కింద, పొద్దున చల్లగా ఉన్నప్పుడు, మూడుసార్లు నడిపితే ఎవరైనా బాగానే పరిగెత్తుతారు.

కార్డు విప్పాను. రెండు ఫ్యాన్ల వెనక, రెక్కల మధ్య, పలకరాయి దుమ్ము పేరుకుని ఉంది. ముఖానికి రాసుకునే పౌడరంత మెత్తగా ఉంది. వేలితో తీస్తే అచ్చు పడింది. ఫ్యాన్లు ఎంత గట్టిగా తిరిగితే అంత దుమ్మును లోపలికి లాక్కుంటున్నాయి. చల్లబరచడానికి పెట్టినవే గొంతు పట్టుకున్నాయి. పాతదానికి ఫ్యానే లేదు, పీల్చుకునేదీ లేదు.

నేను ఇదంతా వివరంగా చెప్తుంటే తమ్ముడు ఆ దుమ్మును చూస్తూ నిలబడ్డాడు.

"నేను గూడా అంతే అక్కా. మొదటి రాయి శానా బాగ కోసేవాణ్ని. మా అన్న అందరికీ చూపిచ్చేవాడు, మా చిన్నోడి చెయ్యి చూడండి అని. మద్దేనానికి కూలబడేవాణ్ని." కాసేపు దగ్గి మళ్లీ అన్నాడు, "దీన్నయితే ఇప్పి చూసేదానికి నువ్వున్నావు."

అతను నవ్వాడు. తలుపు దగ్గర నిలబడ్డ మరదలు నవ్వలేదు.

కార్డును ఆరుబయటికి తీసుకుపోయి బ్లోయర్‌తో దుమ్ము ఊదేశాను. తిరిగి పెడితే మళ్లీ ఐదు నిమిషాలకు వచ్చింది. సమస్య తీరినట్టే అనిపించింది. కానీ కొన్నాళ్లకే మళ్లీ అదే ఫోను. మళ్లీ వెళ్లాను. ఈసారి తమ్ముడు సొంత వైద్యం చేసి ఉన్నాడు. రాళ్లు కోసేవాళ్లు ముక్కుకూ నోటికీ తువ్వాలు చుట్టుకుంటారు కదా, కంప్యూటర్ పెట్టెకు కూడా అట్లాగే తడి తువ్వాలు బిగించి కట్టాడు. పెట్టె పొయ్యిలాగా కాలుతోంది.

"గాలి ఆడేదానికి లేకుండా కట్టినావు గదయ్యా!"

"మేమూ ఇట్లనే కట్టుకుంటాం అక్కా."

"నువ్వు కట్టుకోని యాడ బాగుపడినావు?"

ఆ మాట నోట్లో నుంచి వచ్చాక నాలుక కరుచుకున్నాను. అతను మాత్రం తల ఊపి ఒప్పుకున్నాడు. "అదీ నిజమే."

దుమ్ము ఊదడానికి కార్డు తీసుకుని బయటి కొళాయి దగ్గరికి వెళ్లాను. మరదలు గ్లాసులు కడగడానికన్నట్టు నా వెనకే వచ్చింది. కోత మిషన్ చప్పుడులో మా మాటలు లోపలికి వినపడవు.

"వొదినా, నీతో ఒక మాట. ఈడనించి బయటపడదామని ఎప్పటి నుంచో పోరుతున్నా. స్టేషన్ రోడ్డులో పాలకేంద్రం మీద గది ఖాళీగా ఉంది. ఈయన ఇనడు."

"ఎందుకు?"

"మా బావకు ఏమని చెప్తాడు? ఊపిరాడక పోతున్నానంటే, నీ రాయి నన్ను తినేసిందని మొకాన అన్నట్టు గదా. సాకి పెద్దజేసిన మనిషిని ఆ మాట ఎట్ల అంటాడు? డాక్టరు చెప్పింది గూడా బావకు సగమే చెప్పినాడు." గ్లాసు కడిగిందే మళ్లీ కడుగుతోంది. "నువ్వు చెప్పు వొదినా. దుమ్ములో ఉంటే ఈ కార్డు కాలిపోతాదని చెప్పు. కార్డు కోసమని అయితే ఎవురికీ తప్పు పట్టినట్టు ఉండదు. ఈ మనిషి నా మాట ఇనలేదు, దాని మాట ఇంటాడు."

"చూసి చెప్తా" అన్నాను. అది అంకెల మనిషి చెప్పే జవాబు. కంటనీరు పెట్టుకున్న మనిషికి చెప్పే జవాబు కాదని నాకు తెలుసు. కానీ నా దగ్గర అదే ఉంది.

ఒక రోజంతా అక్కడే కూర్చుని పరీక్ష పెట్టాలని నిర్ణయించుకున్నాను. ఓనరన్నను సెలవడిగితే, "పెళ్లికూతురికి నా దీవెనలు చెప్పు" అన్నాడు, నా పరీక్ష పాట గుర్తొచ్చి.

ఆ గదికి కోత మిషన్ వైపు ఒక కిటికీ ఉంది. అన్నదమ్ముల మధ్య ఆ కిటికీకి ఒక ఆనవాయితీ ఉంది. పెద్దాయన తన కోసం టీ తెప్పించుకున్నప్పుడల్లా రెండో గ్లాసు ఆ కిటికీలో నుంచి తమ్ముడికి అందిస్తాడు. తమ్ముడు మిషన్ పని మానేసినప్పటి నుంచీ ఒక్క పూట తప్పలేదు. కిటికీ గడియ పెట్టి ఉంటే పెద్దాయన గ్లాసు పట్టుకుని నిలబడాల్సి వస్తుందని తమ్ముడు దాన్ని ఎప్పుడూ ఓరగా తెరిచే ఉంచుతాడు. దుమ్ము వచ్చేది ఎక్కువగా అందులో నుంచే.

పొద్దున కిటికీ తెరిచి పాట నడిపాను, ఆపకుండా, ఒకదాని వెనక ఒకటి. మధ్యాహ్నానికి కొత్త కార్డు పాతదాని స్థాయికి దిగిపోయింది. మరదలు వచ్చి తెర మీద అంకె చూసింది. అంకె పెరుగుతుంటే ఆమె ముఖంలో ఆశ పెరిగింది. ఒక యంత్రం కుంటుతుంటే అంత సంతోషపడిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

అక్కడితో ఆపేసి ఉండొచ్చు. కానీ సగం పరీక్ష నాకు పరీక్ష కాదు. కార్డు శుభ్రం చేసి, కిటికీ మూసి గడియ పెట్టి, సందుల్లో గుడ్డ కూరి, గాలి వచ్చే చోట పలచని వల కట్టి మళ్లీ నడిపాను. ఐదు నిమిషాలు. ఐదు. ఐదున్నర. ఐదున్నర. సాయంత్రం దాకా అంతే. తమ్ముడు తువ్వాలతో చేయబోయినదే, కాస్త గాలి ఆడేట్టు చేస్తే పనిచేసింది. నెలకోసారి దుమ్ము ఊదించుకుంటే చాలు.

లెక్క తేలిపోయింది. గది మారాల్సిన అవసరం లేదు. మరదలు నా వైపు చూస్తోంది. నేను తెర వైపు చూస్తున్నాను. అంతకుముందెప్పుడూ ఒక కార్డు బాగా నడిచినందుకు నాకు దిగులు వేయలేదు.

అప్పుడే కిటికీ మీద తట్టిన చప్పుడైంది. పెద్దాయన టీ తెచ్చాడు. గడియ పెట్టి ఉండటంతో చుట్టూ తిరిగి తలుపు దగ్గరికి వచ్చాడు, రెండు గ్లాసులు పట్టుకుని. నిలువెల్లా దుమ్ము. కనురెప్పల మీద కూడా. మరదలు బావను చూసి తలుపు వెనక్కి జరిగింది.

"కిటికీ మూసినారేందిరా?" అన్నాడు.

తమ్ముడు లేవబోతూ దగ్గాడు. నేనే జవాబు చెప్పాను. "నేనే మూసినా పెద్దన్నా. కార్డుకు దుమ్ము పడటంలేదు. తీసి పెడితే మద్దేనానికి కూలబడతా ఉంది."

"మూస్తే?"

"మూస్తే బాగ చేస్తా ఉంది."

"అయితే ఇంగేం." ఆయన ముఖం తేలికపడింది. "మూసే పెట్టుకోండి. టీ నేను వాకిలి కాడికి తెస్తా. అంతే గదమ్మా? మూస్తే సరిపోతాది గదా?"

పిల్లలూ, ఉద్యోగంలో మీకు కూడా ఇట్లాంటి క్షణం ఒకటి వస్తుంది. అబద్ధం చెప్తే ఒక మంచి పని జరిగేట్టు ఉంటుంది. నిజం చెప్తే అంకెలకు న్యాయం జరిగి మనుషులకు జరగకుండా పోయేట్టు ఉంటుంది. తలుపు వెనక మరదలి గాజులు కదలడం ఆగిపోయింది. సరిపోదు అనడానికి నోరు తెరిచాను. రాలేదు. అన్నేళ్లుగా ఏ కార్డు గురించీ లేని మాట చెప్పలేదు, నాలుక తిరగలేదు.

"కార్డుకైతే సరిపోతాది పెద్దన్నా" అన్నాను.

అంతే అన్నాను. ఆలోచించి అన్న మాట కాదు. ఉన్న లెక్క అంతవరకే ఉంది కాబట్టి అంతవరకే చెప్పాను.

పెద్దాయన నన్ను చూశాడు. తర్వాత తమ్ముణ్ని చూశాడు. తమ్ముడు అప్పుడు దగ్గు ఆపుకుంటున్నాడు. అన్న ముందు ఎప్పుడూ ఆపుకుంటాడట, నాకు మరదలు తర్వాత చెప్పింది. ఆపుకుంటున్నప్పుడు అతని భుజాలు కదులుతాయి, గొంతులో నుంచి చిన్న ఈల లాంటి చప్పుడు వస్తుంది. మామూలుగా కోత మిషన్ హోరులో అది వినపడదు. ఆ రోజు కిటికీ మూసి ఉంది. గుడ్డలు కూరి ఉన్నాయి. గదిలో ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు.

పెద్దాయన విన్నాడు.

తమ్ముడి గ్లాసు బల్ల మీద పెట్టి, తన ఒంటి వైపు చూసుకున్నాడు. చొక్కా దులుపుకోబోయి, ఇది గది కదా అని గుర్తొచ్చి చెయ్యి ఆపేశాడు. వెళ్లి వాకిలి బయట నిలబడ్డాడు. అక్కడి నుంచే మాట్లాడాడు.

"ఆ కార్డు శానా సున్నితం మాదిరుందే."

తమ్ముడు తల ఎత్తి అన్న వైపు చూశాడు.

"పాతది మొండిది. నా మాదిరి. ఏం పోసినా తట్టుకుంటాది." టీ ఒక గుక్క తాగాడు. "అమ్మాయ్, నీ మొగుడు నాకు చెప్పడు గానీ, ఏడన్నా గది చూసినారా?"

తలుపు వెనక నుంచి మరదలు సన్నగా అంది. "పాలకేంద్రం మీద ఉంది బావా."

"మేడ మీదనా? గాలి బాగుంటాది." ఇంకో గుక్క తాగాడు. "రేయ్ చిన్నోడా."

"అన్నా."

"ఊర్లో ఎవురన్నా అడిగితే కార్డుకు దుమ్ము పడదంట, అందుకని మార్చినామని చెప్పు. నేను గూడా అదే చెప్తా."

తమ్ముడు తల ఊపాడు. టీ గ్లాసు తీసుకుని తాగాడు. తాగుతుంటే ఇంక ఆపుకోలేక గట్టిగా దగ్గాడు. ఆ రోజు ఎవరి నుంచీ దాచుకోలేదు.

నేను కార్డు విప్పనక్కర్లేకపోయినా విప్పి, తుడవనక్కర్లేకపోయినా తుడుస్తూ కూర్చున్నాను. చేతులకు ఏదో ఒక పని కావాలి కదా.

సామాను మార్చింది పెద్దాయనే. ట్రాక్టరులో కంప్యూటర్‌ను చద్దరులో చుట్టి, పక్కన తనే కూర్చుని, గుంత వచ్చినప్పుడల్లా డ్రైవరును తిట్టుకుంటూ తెచ్చాడట. పాలకేంద్రం మీది గదిలో కొత్త కార్డు నాలుగు నిమిషాలకు కొంచెం అటూ ఇటూగా నడిచింది. గిద్దలూరు పాటలు వేళకు వెళ్లాయి. తర్వాత కురిచేడు నుంచీ, హనుమంతునిపాడు నుంచీ కూడా పని వచ్చింది. తమ్ముడి ఊపిరి పూర్తిగా బాగుపడిందని చెప్తే అది నా లెక్కల్లో లేని మాట అవుతుంది. పోయింది పోయింది. ఉన్నది నిలబడింది. ఆ మేడ మెట్లు ఎక్కుతూ మధ్యలో ఒక్కసారి ఆగుతాడు, అంతే.

దీనివల్ల నష్టపోయింది మా ఓనరన్న ఒక్కడే. అన్నదమ్ములిద్దరూ ఆ మాటను ఊరంతా చెప్పారు. రాళ్ల పని చేసే ఊళ్లో దుమ్ము లేని ఇల్లు ఎక్కడుంది? ఎవరొచ్చినా, "ఆ దుమ్ము పడని కార్డు మాత్రం మాకొద్దు" అనేవాళ్లు.

"చెల్లెమ్మా, నాలుగు రెట్లని గోడకు రాసి పెట్టుకున్నా. ఒక్కడు గూడా చదవటంలేదు. నువ్వాడికి పోయి ఏం చెప్పొచ్చినావు?"

"ఉన్నదే చెప్పినా అన్నా."

"ఉన్నది చెప్తే యాపారం ఇట్లనే ఉంటాది" అని నిట్టూర్చేవాడు. అయినా గోడ మీద ఆ కాగితం చింపి, కొత్తది వేయమని నాకే ఇచ్చాడు. అందులో నేను ఒక వరుస పెంచాను. చల్లని గదిలో, రేకుల కింద, దుమ్ములో అని మూడు అంకెలు వేశాను. కంపెనీలు పంపే గీతల్లో అట్లాంటి వరుస ఎప్పుడూ ఉండదు. మా ఊరి గదులు వాళ్లకు తెలియవు కదా.

ఆ తర్వాత కార్డులు చాలా మారాయి. నాలుగు నిమిషాలన్నది ఇప్పుడు నవ్వులాట. ఇప్పటి కార్డులు ఆ పాటను నేను కళ్లద్దాలు తుడుచుకునే లోపల పూర్తి చేస్తాయి. జనం ల్యాప్‌టాప్‌లు కొనుక్కోవడం మొదలుపెట్టాక ఓనరన్న దుకాణం తగ్గించుకున్నాడు. నేను మానేశాను. యాభై దాటాక ఇంటి దగ్గరే చిన్నచిన్న రిపేర్లు చేస్తున్నాను.

మొన్న ఆ పక్కగా వెళ్తూ తమ్ముడి గదికి వెళ్లాను. తెర మీద ఎవరిదో పెళ్లి, పూలరేకులు రాలుతున్నాయి. పాత కార్డు అల్మారా మీద అట్లాగే ఉంది, రెక్కలు తుడిచి పెట్టారు. మరదలు టీ పెట్టబోతూ, "ఉండు వొదినా, వచ్చే యేళయింది" అని ఆగింది.

ఎవరని అడగబోతుంటే కింద వీధిలో నుంచి చప్పుడు వినిపించింది. ధబ్ ధబ్‌మని గుడ్డను గోడకేసి కొడుతున్న చప్పుడు. కిటికీలో నుంచి తొంగి చూశాను. పెద్దాయన మెట్ల కింద నిలబడి తువ్వాలు విదిలిస్తున్నాడు. చొక్కా దులుపుకున్నాడు. కొళాయి తిప్పి కాళ్లు, చేతులు, ముఖం కడుక్కున్నాడు. జుట్టు కూడా తడి చేత్తో తుడుచుకున్నాడు. అప్పుడు గట్టు మీద పెట్టిన ఫ్లాస్కు తీసుకుని మెట్లెక్కడం మొదలుపెట్టాడు.

"అంత దూరం నుంచి రోజూ వస్తాడా?" అన్నాను.

"రోజూ అక్కా" అన్నాడు తమ్ముడు. "ఎందుకన్నా అంతగా కడుక్కుంటావంటే, కార్డుకు పడదు గదరా అంటాడు."

ఈసారి మరదలు కూడా నవ్వింది. లేచి, గ్లాసులు తీసి, నాకోసం ఇంకొకటి కలిపి బల్ల మీద పెట్టింది.